అక్షరం పోయిందా, ఫాంటు పోయిందా?

(తిరుపతిలో డీటీపీ ఆపరేటర్లు, పరిశోధక విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. సభలో వచ్చిన ప్రశ్నలు కూడా చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళకు తెర కనపడకపోతే ముందుకు రండి. ఈ రోజు మాటలకన్నా తెరమీద చూడాల్సిందే ఎక్కువ.

ఇది ఒక వర్డ్ ఫైలు. మొదటి పేరాలో డబ్బాలు డబ్బాలుగా ఉంది. రెండో పేరాలో నెత్తిన గీతలూ చుక్కలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. మూడో పేరాలో వరసగా ప్రశ్నార్థకాలు. నాలుగో పేరా శుభ్రమైన తెలుగు, కాకపోతే రూపం మారింది. షాపులో ఈ నాలుగింటినీ ఒకే మాటతో అంటాం, 'ఫాంటు ఎగిరిపోయింది' అని. నాలుగూ నాలుగు వేరే జబ్బులు. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి వేస్తే ఉన్న అక్షరం కూడా పోతుంది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. తాళ్ళపాక వారి రాగిరేకులకు ఈ బాధ లేదు. అక్షరమూ దాని రూపమూ రెండూ ఆ రేకులోనే చెక్కి ఉన్నాయి. వర్డ్ ఫైలు అట్లా కాదు. అందులో అక్షరాల సంఖ్యలుంటాయి, పక్కన ఫాంటు పేరు ఉంటుంది. రూపం మాత్రం మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు ఫైలు నుంచి రావాలి. 'తిరుపతి' అని కొడితే లోపల పడేవి ఏడు సంఖ్యలు: త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. పేరు చెప్పిన ఫాంటు కంప్యూటర్‌లో లేకపోతే ఆ సంఖ్యలకేమీ కాదు, రూపం ఇచ్చేవాడు లేడంతే. అప్పుడు వర్డ్ ఇంకొకణ్ణి తెచ్చి నిలబెడుతుంది. మన పల్లెల్లో భారతం ఆడేటప్పుడు అర్జునుడి వేషగాడు రాకపోతే అదే ఎత్తున్న ఇంకొకడికి కిరీటం పెడతారే, అదే పని. కరపత్రంలో మాత్రం పాత పేరే ఉంటుంది. వర్డ్‌లో కూడా అంతే, పైన ఫాంటు పెట్టెలో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు పేరే చూపిస్తుంది, కింద ఆడుతున్నది వేరేవాడు. చాలామంది మోసపోయేది ఇక్కడే. పెట్టెలో పేరు ఉంది కాబట్టి ఫాంటు ఉందనుకుంటారు.

మరి అక్షరం క్షేమంగా ఉందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? వర్డ్‌లో కర్సర్‌ను ఆ అక్షరం వెనక పెట్టి ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. చూడండి, ఈ మొదటి డబ్బా వెనక పెట్టి నొక్కుతున్నాను. '0సి24' అని వచ్చింది. అది 'త'. ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చిన పట్టిక యూనికోడ్, అందులో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 గదులు ఇచ్చారు, 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉన్నాయి. '0సి' అని మొదలైందంటే అది నిజమైన తెలుగు అక్షరం, దానికి తెలుగు ఫాంటు తగిలిస్తే చాలు. మళ్ళీ ఆల్ట్ ఎక్స్ నొక్కితే పాత రూపానికి వస్తుంది. పక్కన అంకెలుంటే వాటినీ కలిపేసుకుంటుంది, అప్పుడు కంట్రోల్ జడ్ కొట్టండి.

రెండో పేరాలో నొక్కుదాం. '00' తో మొదలైంది. అంటే లోపల ఉన్నది తెలుగు కాదు, లాటిన్ అక్షరం. అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంటుతో కొట్టిన ఫైలన్నమాట. మూడో పేరాలో '003ఎఫ్'. అది ప్రశ్నార్థకమే. దాని వెనక ఏమీ దాగి లేదు. ఎవరో తెలుగును మామూలు టెక్స్ట్ ఫైలుగా, ఆన్సీ అనే తెలుగుకు చోటులేని పాత ఎన్‌కోడింగ్‌లో దాచారు, అంటే సేవ్ చేశారు. దాచిన క్షణాన అక్షరాలు పోయాయి. ప్రపంచంలో ఏ ఫాంటూ దాన్ని తిరిగి తేలేదు, అసలు ఫైలు అడగాల్సిందే. గంటసేపు ఫాంట్లు మార్చి చూడకండి.

ఇప్పుడు డబ్బాల సంగతి, నాలుగో పేరా సంగతి కలిపి చూద్దాం. రెండింటికీ మూలం చాలాసార్లు గౌతమే. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి వచ్చింది. విండోస్ 7తో వాణి వచ్చింది. విండోస్ 8తో నిర్మలా యూఐ. విండోస్ 10కి వచ్చేసరికి గౌతమి, వాణి రెండింటినీ మామూలు ఇన్‌స్టలేషన్ నుంచి తీసి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనే అదనపు మూటలో పెట్టారు. తెలుగు భాషను సెట్టింగ్స్‌లో చేర్చుకున్న మెషీన్‌కు ఆ మూట దానంతటదే దిగుతుంది. చేర్చుకోని మెషీన్‌కు దిగదు. అక్కడ నిర్మలా ఒక్కటే ఉంటుంది. ఇంకోపక్క మైక్రోసాఫ్ట్ ఆఫీసులో రంగులూ ఫాంట్లూ నిర్ణయించే థీమ్ ఫైల్లో తెలుగు లిపికి ఎదురుగా ఇప్పటికీ గౌతమి అనే రాసి ఉంటుంది. 'మా దగ్గర బాగానే వస్తుంది, వాళ్ళ దగ్గర రాదు' అనే తగవుకు కారణం అదీ. ఒకే విండోస్, ఒకే వర్డ్, ఒకరు తెలుగు కీబోర్డు వేసుకున్నారు, ఇంకొకరు వేసుకోలేదు. మందు సులువు. సెట్టింగ్స్‌లో వెతికే పెట్టెలో 'ఆప్షనల్ ఫీచర్స్' అని కొట్టి, 'యాడ్' లోకి పోయి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ టిక్ పెట్టి ఇన్‌స్టాల్ చేయండి. ఇంటర్నెట్ ఉండాలి. తర్వాత వర్డ్‌ను పూర్తిగా మూసి తెరవండి.

ఏ ఫాంటు లేదో, దాని బదులు ఏది నిలబడిందో వర్డ్‌నే అడగొచ్చు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కిందికి దిగితే 'షో డాక్యుమెంట్ కంటెంట్' అనే భాగం, అందులో 'ఫాంట్ సబ్‌స్టిట్యూషన్' బొత్తం. నొక్కితే రెండు వరసలు: ఎడమ పక్క లేని ఫాంటు, కుడి పక్క బదులు ఫాంటు. లోపం ఏమీ లేకపోతే ఆ పెట్టె తెరుచుకోదు, అన్నీ ఉన్నాయని ఒక మాట చెప్పి ఊరుకుంటుంది. కుడి పక్క 'డిఫాల్ట్' అని ఉంటే వర్డ్ తనకు తోచింది వేసిందని అర్థం. మీరు ఎంచి నిర్మలానో మరొకటో పెట్టొచ్చు. అంతవరకు ఫైలుకు ఏమీ కాదు, కంటికి కనపడేదే మారుతుంది. ఆ ఫైలు గౌతమి ఉన్న మెషీన్‌కు పోతే మళ్ళీ గౌతమిలోనే తెరుచుకుంటుంది.

ఆ పెట్టెలోనే కింద 'కన్వర్ట్ పర్మనెంట్లీ' అని ఒక బొత్తం ఉంది. దాని మీద చెయ్యి పడేముందు రెండుసార్లు ఆలోచించండి. అది నొక్కితే ఫైలు లోపలి పేర్లే మారిపోతాయి. యూనికోడ్ తెలుగు ఫైలైతే పెద్ద నష్టం లేదు. కానీ అను ఫైలు మీద నొక్కారనుకోండి. అను ఫాంటు బదులు టైమ్స్ న్యూ రోమన్ నిలబడి ఉంది. నొక్కిన తర్వాత ఫైలంతా టైమ్స్ న్యూ రోమనే. అందులో నిజం ఇంగ్లీషు ఏది, తెలుగు కావాల్సిన గజిబిజి ఏది అని చెప్పే గుర్తు ఒక్క ఫాంటు పేరే, దాన్ని మీరే చెరిపేశారు. తర్వాత పాత ఫాంటు తెలుగును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌కు ఇస్తే ఇంగ్లీషు పేర్లను, మెయిల్ చిరునామాలను కూడా తెలుగు చేసి పెడుతుంది. అందుకే పరాయి ఫైలు ఏదైనా ముందు కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే ప్రయోగాలు చేయండి.

ఇప్పుడు ఫైలు కడుపు కోసి చూద్దాం. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. కాపీ తీసి, చివర డాక్స్ అన్నచోట జిప్ అని మార్చి తెరవండి. 'వర్డ్' అనే ఫోల్డర్‌లో 'ఫాంట్‌టేబుల్' అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరుస్తున్నాను. ఫైల్లో వాడిన ప్రతి ఫాంటు పేరూ ఇక్కడ ఉంటుంది, దాని కింద ప్యానోస్ అనే వరస. ప్యానోస్ అంటే ఫాంటు ఒడ్డూ పొడుగూ, సన్నమా లావా అనే లక్షణాలను పది విలువల్లో చెప్పే చీటీ. అసలువాడు లేనప్పుడు బదులువాణ్ణి ఎంచడానికి పనికొచ్చేది ఈ చీటీయే. పాత పద్ధతి తెలుగు ఫాంట్లు చాలావాటిలో ఈ చీటీ ఖాళీగా, అన్నీ సున్నాలుగా ఉంటుంది. ఇంక బదులుగా ఏది వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పక్కనే 'డాక్యుమెంట్' అనే ఎక్స్‌ఎమ్‌ఎల్. ఇందులో 'ఆర్‌ఫాంట్స్' అన్నచోట చూడండి, ఒక ఫాంటు కాదు, నాలుగు గదులున్నాయి: ఆస్కీ, హెచ్‌ఆన్సీ, ఈస్ట్‌ఏషియా, సీఎస్. ఇంగ్లీషు మొదటి రెండు గదుల్లోంచి తీసుకుంటుంది. తెలుగు సీఎస్ గదిలోంచి తీసుకుంటుంది. సీఎస్ అంటే కాంప్లెక్స్ స్క్రిప్ట్, గుణింతాలూ ఒత్తులూ ఉన్న లిపి అని. సైజు కూడా వేరే, ఇంగ్లీషుకు 'ఎస్‌జడ్', తెలుగుకు 'ఎస్‌జడ్‌సీఎస్'. ఇంగ్లీషు 12లో ఉంటే తెలుగు 11లో మొండికేసి కూర్చోవడం ఇందుకే. కంట్రోల్ డి నొక్కితే వచ్చే పెట్టెలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని వేరే వరస కనిపిస్తుంది, అక్కడ ఫాంటూ సైజూ మార్చాలి. ఆ వరస కనపడకపోతే ఆఫీసు భాషల జాబితాలో తెలుగు చేర్చండి. సీఎస్ గదిలో పేరు బదులు 'మైనర్‌బైడి' అని ఉంటే ఫాంటును థీమ్ నుంచి తెచ్చుకుంటోందని అర్థం. మనం ఇందాక చూసిన గౌతమి అక్కడి నుంచే వస్తుంది.

ఇది సంస్కృతం చదివే ఊరు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. తెలుగులో సిద్ధాంత వ్యాసం, మధ్యలో దేవనాగరిలో శ్లోకాలు. వర్డ్ లెక్కలో తెలుగూ కాంప్లెక్స్ స్క్రిప్టే, దేవనాగరీ కాంప్లెక్స్ స్క్రిప్టే. రెండింటికీ సీఎస్ గది ఒక్కటే. అందులో గౌతమి పెడితే, గౌతమిలో దేవనాగరి లేదు కాబట్టి శ్లోకం వరకు వర్డ్ వేరే ఫాంటు తెస్తుంది. అది ఏ మెషీన్‌లో ఏదవుతుందో దైవాధీనం. రెండు దారులున్నాయి. ఒకటి, రెండు లిపులూ ఉన్న నిర్మలా యూఐ పెట్టడం. తమిళం, కన్నడం కూడా అందులో ఉన్నాయి, మన సరిహద్దు జిల్లాకు బాగా సరిపోతుంది. రెండోది, నాకు నచ్చేది: 'శ్లోకం' అని ఒక స్టైల్, అంటే ఫాంటూ సైజూ ఒక్కచోట పెట్టుకునే పేరు, చేసి దాని సీఎస్ గదిలో దేవనాగరి ఫాంటు పెట్టడం. మార్చాల్సి వస్తే స్టైల్‌లో ఒక్కచోట మారుస్తారు, మూడువందల శ్లోకాలూ మారతాయి. చేత్తో ఒక్కొక్కటీ ఎంచి మార్చిన వ్యాసాన్ని బాగుచేయడం కన్నా మళ్ళీ కొట్టుకోవడం నయం.

ఇంక పాత పద్ధతి ఫైళ్ళు. శుభలేఖలు, కరపత్రాలు, ఆలయాల స్తోత్ర పుస్తకాలు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో ఇట్లాగే పేరుకుపోయాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం గదిలో తెలుగు బొమ్మ కూర్చోబెట్టారు. ఒక గదిలో క, ఇంకో గదిలో తలకట్టు, మరో గదిలో ఒత్తు. అందువల్ల ఫైలంతా ఎంచి గౌతమి పెడితే తెలుగు రాదు. గౌతమిలో ఆ గదుల్లో ఇంగ్లీషే ఉంటుంది. దానికి రెండే దారులు: అదే ఫాంటు, అదే వెర్షన్ వేసుకోవడం, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం. వెర్షన్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఒకే కంపెనీ ఫాంట్లలో కూడా వెర్షన్ మారితే గదుల అమరిక మారొచ్చు. అప్పుడు ముప్పాతిక తెలుగు సరిగ్గా వచ్చి కొన్ని ఒత్తులు మాత్రం తప్పొస్తాయి. పూర్తి గజిబిజి కన్నా అది ప్రమాదం. కంటికి ఆనదు, అచ్చయ్యాక ఆనుతుంది.

కన్వర్టర్‌కు ఇచ్చేటప్పుడు ఫైలంతా ఇవ్వకండి. కంట్రోల్ హెచ్, 'మోర్', 'ఫార్మాట్', 'ఫాంట్' లోకి పోయి, మెషీన్‌లో లేని ఫాంటైనా సరే పేరు చేత్తో కొట్టండి, వెతుకుతుంది. ఆ ఫాంటులో ఉన్నదాన్ని మాత్రమే తీసి మార్చాలి. మార్చాక ఎక్కడ చూడాలంటే క్ష, శ్రీ, ఱ, అరసున్న, ళ్ళ, రెండేసి ఒత్తులున్న 'రాష్ట్రం', 'స్త్రీ', తర్వాత కొటేషన్ గుర్తులు, అంకెలు. తప్పులు దాక్కునేవి అక్కడే.

ఒక చిత్రం చూడండి. పాత ఫాంటుతో వర్డ్‌లో కొట్టిన ఫైల్లో ప్రతి వాక్యం మొదటి అక్షరమే తప్పుగా ఉంది, తక్కినదంతా సరే. ఇది ఫాంటు తప్పు కాదు, ఆటోకరెక్ట్ చేసిన ఘనకార్యం. వర్డ్‌కు అది ఇంగ్లీషు, వాక్యం మొదట చిన్న అక్షరం ఉంటే పెద్దది చేసింది. చిన్న గదిలో ఒక తెలుగు బొమ్మ, పెద్ద గదిలో ఇంకోటి. (నవ్వులు) పాత ఫాంటుతో కొట్టేవాళ్ళు ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, 'ఆటోకరెక్ట్ ఆప్షన్స్'లో వాక్యం మొదటి అక్షరం పెద్దది చేసే టిక్ తీసేయండి. నిలువు కొటేషన్లను వంకర కొటేషన్లు చేసే టిక్ కూడా తీయండి. ఆ గదుల్లోనూ ఏదో ఒత్తు ఉండొచ్చు.

ఇక నాలుగో పేరా, తెలుగు వస్తుంది కానీ పేజీలు జరిగిపోయాయి. ఫాంటు మారితే అక్షరం వెడల్పు మారుతుంది, వరస విరిగేచోటు మారుతుంది, 96 పేజీల పుస్తకం 103 అవుతుంది. ఇంగ్లీషులో దీనికి కొలత సరిపోయే జోడీలున్నాయి. కాలిబ్రి లేకపోతే కార్లిటో, కేంబ్రియా లేకపోతే కాలాడియా, ఏరియల్, టైమ్స్‌కు లిబరేషన్ ఫాంట్లు. వెడల్పులు సమానం కాబట్టి వరసలు జరగవు. 2023 నుంచి మైక్రోసాఫ్ట్ 365లో కాలిబ్రి బదులు ఆప్టోస్ డిఫాల్ట్ అయింది. పాత ఆఫీసున్న మెషీన్‌లో ఆప్టోస్ ఉండదు, ఇకమీదట మీకు ఎక్కువ ఎదురయ్యేది అదే. తెలుగు ఫాంట్లకు అట్లాంటి సమాన కొలత జోడీలు ఉన్నాయనుకోకండి. మారిస్తే పేజీలు జరుగుతాయనే అనుకుని పని మొదలుపెట్టండి. ఇంకా ఒకటి, వరసల ఎడం 'ఎగ్జాక్ట్‌లీ' అని పెట్టి ఉంటే కొత్త ఫాంటులో కింది ఒత్తులు సగానికి తెగిపోతాయి. పైన గుడులు కూడా. పేరాగ్రాఫ్ పెట్టెలో దాన్ని 'ఎట్ లీస్ట్' చేయండి.

లిబ్రేఆఫీసు వాడేవాళ్ళకు తేలిక. లేని ఫాంటు పేరు పెట్టెలోనే వాలు అక్షరాల్లో చూపిస్తుంది, దాచిపెట్టదు. టూల్స్, ఆప్షన్స్, ఫాంట్స్‌లో రీప్లేస్‌మెంట్ టేబుల్ ఉంది. ఏది లేకపోతే ఏది వేయాలో మీరే రాసిపెట్టొచ్చు.

ఫైలు పంపేవాళ్ళు చేయాల్సింది: ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' టిక్ పెట్టండి, అంటే ఫాంటును ఫైల్లోనే పొదగడం. దాని కింద రెండు టిక్‌లు. వాడిన అక్షరాలను మాత్రమే పొదిగేది ఒకటి. అవతలివాళ్ళు దిద్దాల్సి ఉంటే అది తీసేయండి, లేకపోతే మీరు వాడని అక్షరం వాళ్ళు కొడితే దానికి రూపం ఉండదు. మామూలు సిస్టమ్ ఫాంట్లను వదిలేసేది రెండోది. అదీ తీసేయండి. మీ సిస్టమ్‌లో మామూలుది అవతల మామూలు కాకపోవచ్చు. ఏ ఫాంటైనా పొదగొచ్చా అంటే కాదు. ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో 'ఫాంట్ ఎంబెడబిలిటీ' చూడండి. 'రెస్ట్రిక్టెడ్' అంటే పొదగనివ్వదు. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, గురజాడ లాంటి గూగుల్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సువి, ఆ చిక్కు లేదు. అచ్చుకు మాత్రమే పంపేదైతే పీడీఎఫ్ పంపండి, తెరిచి ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ పుట చూడండి. ప్రతి పేరు పక్కన 'ఎంబెడెడ్' అనో 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అనో ఉండాలి.

ప్రశ్నలుంటే అడగండి.

సభ్యుడు: సార్, కస్టమర్ పెన్‌డ్రైవ్ తెచ్చి ఇప్పుడే ప్రింటు కావాలంటాడు. ఇవన్నీ చూసే టైము ఎక్కడిది?

రెండే చూడన్నా. ఫాంట్ సబ్‌స్టిట్యూషన్ పెట్టె, కింద పేజీల సంఖ్య. పెట్టెలో పేర్లు కనపడితే మీ ఇంట్లో ఎన్ని పేజీలొచ్చాయని అడుగు. లెక్క కలవకపోతే ప్రింటు ఇవ్వొద్దు, ఫోన్‌లో పీడీఎఫ్ తెప్పించుకో. ఫాంటు వేస్తే వర్డ్ మూసి తెరవడం మర్చిపోవద్దు.

విద్యార్థిని: కంట్రోల్ ఏ కొట్టి ఫాంటు మార్చాను సార్. ఫుట్‌నోట్లు మాత్రం డబ్బాలుగానే ఉన్నాయి.

కంట్రోల్ ఏ ఫుట్‌నోట్ల దాకా పోదమ్మా. హెడర్లు, టెక్స్ట్ బాక్సులు కూడా దానికి అందవు. 'ఫుట్‌నోట్ టెక్స్ట్' అనే స్టైల్ తెరిచి అందులో సీఎస్ ఫాంటు మార్చండి. హెడర్ స్టైల్ కూడా. ఆ తర్వాత కంట్రోల్ ఏ, ఎఫ్9 కొడితే విషయసూచికలో పేజీ నంబర్లు కొత్త లెక్కకు వస్తాయి.

సభ్యుడు: నేను ఫాంటు వేశాను సార్, ఫాంట్స్ ఫోల్డర్‌లో కనిపిస్తోంది. అయినా వర్డ్ లేదంటోంది.

నువ్వు చూసుకున్నది ఫైలు పేరు కావచ్చు, వర్డ్ చూసేది ఫాంటు లోపలి పేరు. ఫైలు పేరు మారిస్తే లోపలి పేరు మారదు. ఆ ఫాంటు మీద డబుల్ క్లిక్ చేస్తే పైన 'ఫాంట్ నేమ్' అని ఉంటుంది, దాన్ని సబ్‌స్టిట్యూషన్ పెట్టెలో ఉన్న పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూడు. మధ్యలో ఒక్క ఖాళీ తేడా ఉన్నా అది వేరే ఫాంటే. పేరు కలిసింది, అయినా పక్క లాగిన్‌లో రావడం లేదంటే అది నీ ఒక్కడి లాగిన్‌కే దిగింది. విండోస్ 10లో కొన్నాళ్ళుగా అట్లాగే దిగుతోంది. తీసేసి, ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' నొక్కు.